కోత కూలి

బ్యాండ్ సా ఉంది. పనిచేస్తుంది. బరువెక్కువ.
ప్రకటనలో అంతే.
మా ఎస్తోనియాలో కట్టెలకున్నంత పొదుపు మాటలకీ ఉంటుంది.
ఫోటోలో సగం గోడే పడింది.

వోరు దాటాక తారు అయిపోయి
నవంబరు బురద మొదలైంది.
టార్మో తన ట్రైలరుని తిట్టుకుంటూ నడుపుతున్నాడు.
నేను జేబులోని మూడొందల యాభై యూరోలను
మాటిమాటికీ తడుముకుంటున్నాను,
మూడొందల ఇరవైకి దింపాలని లోపల్లోపల కూడుకుంటూ.

షెడ్డు తలుపు తీసినాయన పేరు కల్యో.
ముందు ఆయన చేతులు చూశాను.
పది వేళ్ళూ ఉన్నాయి.
లెక్కపెట్టానని ఆయనకి తెలిసిపోయింది.
"అదే నా గ్యారంటీ కార్డు" అన్నాడు.

గుర్రాన్నైనా రంపాన్నైనా
కొనేముందు పళ్ళే చూడాలి.
చూశాను. అరిగాయి. బ్లేడుదేముంది, మార్చుకోవచ్చు.
పైచక్రాన్ని వేలితో తిప్పి
దానంతటది ఆగేదాకా ఊపిరి బిగబట్టాను.
బేరింగుల్లో ఇసుక నమిలిన చప్పుడు లేదు.
రబ్బరు టైరు ఒకచోట పగిలింది.
బల్లమీద తుప్పు చుక్కైనా లేదు, మైనం రుద్దిన నున్నదనం,
ఆ మైనం నిన్నటిదో మొన్నటిదో.
అమ్మేసే వస్తువుకి ఇంత ఒంటిసేవ ఎందుకో
అడగలేదు.

"మూడొందల ఇరవై" అన్నాను.
"మూడొందల యాభై" అన్నాడు,
రేపు మంచు పడుతుంది అన్నంత మామూలుగా.
టార్మో దగ్గాడు. నేను టైరు పగులు చూపించాను.
"అది నా దగ్గరే పగిలింది, నాకు తెలుసు."
బేరం అక్కడే గడ్డకట్టింది.

అప్పుడు మూలనుంచి ఒక యాష్ చెక్క తెచ్చాడు.
పెన్సిలు గీత వంపు తిరుగుతూ చివరిదాకా పోయింది.
రంపం గాటు మాత్రం సగంలో ఆగింది.
"ఆరు కుర్చీలు మొదలుపెట్టాను.
ఆరోదానికి మూడే కాళ్ళు.
ఇక్కడిదాకా వచ్చేసరికి
గీత రెండుగా కనబడింది.
ఏది నేను గీసిందో తేలక
స్విచ్చి ఆపేశాను.
ఇది తెగాకే అమ్మకం."

కొత్త బ్లేడు నేను ఎక్కించాను.
కన్నెల్ తీగని మీటినట్టు మీటి
బిగువు ఆయన చూశాడు.
మోటారు కాసేపు గొణిగి గొంతు సవరించుకుంది.
కల్యో గోడవైపు తిరిగి
కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

"మెల్లగా. ముందు ముడి ఉంది."
చెక్కమీద నాకేమీ కనబడలేదు.
నాలుగువేళ్ళ మేర నడిచాక
చప్పుడు బరువెక్కింది, లోపల ముడి తగిలింది.
"నెట్టకు. దాన్నే తిననీ."
తిననిచ్చాను.
ముడి దాటిన సంబరంలో
వెంట్రుకవాసి గీత తప్పాను.
అంత హోరులో అదీ వినబడింది ఆయనకి.
"తప్పావు" అన్నాడు. "పోనీ."

కార్బన్ కాగితం పెట్టి రసీదు రాశాడు,
లేలో, బ్యాండ్ సా ఒకటి, అని
వేలెడంత అక్షరాలతో. నీకొకటి, నాకొకటి.
నోట్లు తడిమి లెక్కపెట్టి
ముప్ఫై యూరోలు విడిగా తీసి నా చేతిలో పెట్టాడు.
"తగ్గింపు కాదు. కోత కూలి."

ముగ్గురం కలిసి ఎత్తాం.
ప్రకటనలో చివరి మాట అబద్ధం కాదు.

ఇంటికొచ్చి కింది తలుపు తెరిస్తే
పొట్టు పొరలు పొరలుగా అణిగి ఉంది:
పైన యాష్ తెలుపు, దానికింద ఆల్డర్ నారింజ,
అట్టడుగున జునిపర్, ఇంకా వాసన చావలేదు.
అందులో ఒక క్రోన్ నాణెం,
ఇప్పుడు ఏ కొట్టులోనూ చెల్లనిది.
పొట్టంతా బకెట్టుకెత్తి
మంచు పేరుకున్న మెట్లమీద చల్లాను.
ఆ చలికాలం మా గుమ్మంలో ఎవరూ జారలేదు.
పోస్టావిడ మాత్రం అడిగింది,
వెన్నకత్తులు చేస్తున్నారా, ఆ వాసనేస్తోంది, అని.

ఫిబ్రవరిలో ఫోను.
"కుర్చీ నిలబడింది. కొంచెం ఊగింది."
ఆ వెంట్రుకవాసి గురించి
ఏదో చెప్పుకోబోయాను.
"రసీదు మడిచి కాలికింద పెట్టాను" అన్నాడు కల్యో.
"ఇప్పుడు ఊగట్లేదు.
ఇక మిషను వెనక్కిస్తానంటే కుదరదు.
రుజువు మీద నేను కూర్చున్నాను."